పేస్‌మేకర్ పెట్టించుకున్నాక: దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు

పేస్‌మేకర్ పెట్టించుకుని ఇంటికొచ్చిన మనిషి దగ్గర్లో ఉంటే మిక్సీ వేయడానికి కూడా ఇంట్లోవాళ్లు జంకుతారు. టీవీకి దూరంగా కూర్చోమంటారు. అదే మనిషికి పదో రోజున కుట్ల దగ్గర వాపొస్తే "కొత్తగా పెట్టారు కదా, ఉంటుందిలే" అని ఊరుకుంటారు. మూడో నెల చెకప్‌కి "బాగానే తిరుగుతున్నారుగా, మళ్లీ ఖర్చెందుకు" అని మానేస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పడే ఇబ్బందుల్లో చాలావరకు ఇలా భయాలు తారుమారు కావడం వల్ల వచ్చేవే. వంటగట్టు మీద తిరిగే మిక్సీ ఏమీ చేయదు. వాపు, జ్వరం, ఎగ్గొట్టిన చెకప్ చేస్తాయి.

ఇక్కడ చెప్పేది మామూలు పేస్‌మేకర్ గురించి. షాక్ ఇచ్చే ఐసీడీ పెట్టించుకున్నవాళ్లకి, తీగలు లేని చిన్న పేస్‌మేకర్ నేరుగా గుండెలోనే పెట్టించుకున్నవాళ్లకి కొన్ని జాగ్రత్తలు వేరుగా ఉంటాయి.

లోపల పెట్టింది ఏమిటి

కాలర్‌బోన్ ఎముక కింద, ఎక్కువమందికి ఎడమవైపు (ఇక్కడ కుడి, ఎడమ జాగ్రత్తలు వాళ్లని ఉద్దేశించే చెప్పాం), చర్మం కింద చిన్న సంచిలా చేసి అందులో పెట్టే పెట్టెను జనరేటర్ అంటారు. టైటానియం తొడుగు, అందులో లిథియం బ్యాటరీ, సర్క్యూట్. బరువు సుమారు 20 నుంచి 30 గ్రాములు. దాన్నుంచి ఒకటో రెండో తీగలు సిర గుండా గుండె కుడి గదుల్లోకి వెళ్తాయి. వీటినే లీడ్లు అంటారు. లీడ్ కొసన చిన్న స్క్రూ గానీ, కండలో పట్టుకునే మెత్తటి ముళ్లు గానీ ఉంటాయి.

ఈ యంత్రం చేసే పని ప్రధానంగా రెండు ముక్కల్లో చెప్పొచ్చు: గుండె విద్యుత్ సంకేతాల్ని వినడం, అవసరమైతే తట్టడం. గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే ఊరుకుంటుంది. సెట్ చేసిన సమయంలోగా చప్పుడు రాకపోతే చిన్న విద్యుత్ స్పందన పంపిస్తుంది. ఈ "వినడం" గుర్తుపెట్టుకుంటే, ఏ పరికరం దగ్గర ఎందుకు జాగ్రత్త అవసరమో తర్వాత తేలిగ్గా అర్థమవుతుంది.

ఇది గుండె కండకి బలం ఇవ్వదు, రక్తనాళాల్లో పూడికల్ని తీయదు, గుండెపోటుని ఆపదు. పూడికకి స్టెంట్, గుండె విద్యుత్ మార్గం దెబ్బతింటే పేస్‌మేకర్. "గుండెలో బ్లాక్ ఉందన్నారు, మిషన్ పెట్టేశారు, ఇక మందులెందుకు" అని బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది. అవి ఆపడానికి పేస్‌మేకర్ కారణం కానే కాదు.

మొదటి ఆరు వారాలు

లీడ్ కొస గుండె గోడలో కుదురుకుని, దాని చుట్టూ కణజాలం పెరిగి బిగుసుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ లోపు చెయ్యి గట్టిగా పైకి చాస్తే, బరువు లాగితే తీగ జరగొచ్చు. లీడ్ జారడాలు ఎక్కువగా ఈ తొలి వారాల్లోనే జరుగుతాయి. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు (మీ డాక్టర్ ఎన్ని చెబితే అన్ని) పేస్‌మేకర్ ఉన్నవైపు మోచెయ్యి భుజం ఎత్తు దాటకూడదు. ఆ చేత్తో నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదు.

చెప్పడం తేలికే గానీ, ఏ పనిలో చెయ్యి పైకి పోతుందో మనకి తెలియకుండానే పోతుంది. సిటీ బస్సులో నిలబడి పైన కడ్డీ పట్టుకోవడం, దండెం మీద బట్టలు ఆరేయడం, అటక మీది డబ్బా అందుకోవడం, జడ వేసుకోవడం, తల మీంచి బనియను తొడుక్కోవడం. ఈ అయిదూ రోజూ ఉండే పనులు. బస్సెక్కితే కూర్చునే వీలుండాలి, లేదంటే కుడిచేత్తో సీటు అంచు పట్టుకోవాలి. ముందు గుండీలున్న చొక్కా, ముందు హుక్కులున్న జాకెట్, ముందు తెరుచుకునే నైటీ వేసుకుంటే చెయ్యి ఎత్తే పని తప్పుతుంది. జడ ఇంట్లో ఇంకొకరు వేయాలి. 20 లీటర్ల వాటర్ క్యాన్ అంటే 20 కిలోలు, నిండు గ్యాస్ సిలిండర్ అంటే గ్యాసే 14.2 కిలోలు, దాని ఇనుము బరువు అదనం. రెండిటినీ ముట్టుకోకండి. రెండు చేతులతో ఎత్తుతాను కదా అన్నా సరే, సగం బరువు అటు పడుతుంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు ఇంకొకటి. భయంతో చేతిని స్లింగులో వేసి, పొట్టకి అదిమిపెట్టి నెల రోజులు కదపరు. భుజం బిగుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇంకా తొందరగా బిగుసుకుంటుంది. తర్వాత దాన్ని విడిపించుకోవడానికి నెలలు పడుతుంది, నొప్పి పేస్‌మేకర్ ఆపరేషన్ కంటే ఎక్కువ. ఇంటికొచ్చిన రోజు నుంచే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మామూలుగా ఆడించాలి. భుజాన్ని కూడా ఎత్తు దాటకుండా ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపాలి. అన్నం తినడం, పేపరు చదవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం అన్నీ ఆ చేత్తో చేయొచ్చు.

లీడ్ జారితే ఎలా తెలుస్తుంది? పేస్‌మేకర్ పెట్టకముందు ఉన్న తల తిరుగుడు, కళ్లు చీకట్లు కమ్మడం మళ్లీ మొదలవుతుంది. లేదంటే వెక్కిళ్లు ఆగకుండా వస్తాయి, పొట్టో ఛాతీ కండో నాడితో పాటు లయగా ఎగురుతుంది. వెక్కిళ్లకి చక్కెర నోట్లో వేసుకుని కూర్చోకండి. తీగ కొస జరిగి ఊపిరి కండరాన్ని తడుతోందని, ఒక్కోసారి గుండె గోడని దాటిందని కూడా అది గుర్తు కావొచ్చు. అదే రోజు పేస్‌మేకర్ పెట్టిన ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రే తీసి, పరికరాన్ని పరీక్షించి తేలుస్తారు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా అంతే. సిర దగ్గర సూది ఊపిరితిత్తికి తగిలి గాలి చేరడం అరుదే గానీ ఉంటుంది, అది ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది.

కారు సొంతంగా నడపడానికి కనీసం వారం ఆగాలి. స్కూటర్, బైక్ మీద గతుకులకి చేతుల మీద కుదుపు పడుతుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం మంచిది. బస్సు, లారీ, ఆటో నడిపి బతికేవాళ్లు డాక్టర్ అనుమతి తీసుకునే ఎక్కాలి. ముందు స్పృహ తప్పి పడిపోయిన చరిత్ర ఉంటే ఈ లెక్కలు మారతాయి. సీటు బెల్టు విషయం ఒకటి చాలామంది గమనించరు: మన కార్లలో డ్రైవర్ బెల్టు కుడి భుజం మీంచి వస్తుంది, పక్క సీటు బెల్టు ఎడమ భుజం మీంచి వస్తుంది. అంటే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చోబెడితే బెల్టు సరిగ్గా కుట్ల మీద పడుతుంది. వెనక సీట్లో కుడివైపు కూర్చోబెట్టండి. లేదా బెల్టు కింద మెత్తటి తువ్వాలు మడిచి పెట్టండి. బెల్టు మాత్రం మానొద్దు.

పుండు దగ్గర జరిగే తప్పులు

విశాఖ గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. డ్రెస్సింగ్ అంచులు చెమటకి ఊడి, లోపల తడి నిలుస్తుంది. డ్రెస్సింగ్ తడిసినా ఊడినా మళ్లీ వేయించుకోవాలి, పైన ఇంకో ప్లాస్టర్ అతికించి సరిపెట్టకూడదు. కుట్లు మానేదాకా నడుము కింద స్నానం, పైన తడిగుడ్డతో తుడుచుకోవడం. ఎప్పటినుంచి షవర్ చేయొచ్చో డిశ్చార్జి అప్పుడే అడగండి. తలంటు, సముద్ర స్నానం ఆరు వారాల మాట. ఆర్కే బీచ్‌లో అల లాగే లాగుడికి గట్టి చేతులకే పట్టు దొరకదు.

ఎడమ భుజం మీద మన అలవాట్లు చాలానే వాలి ఉంటాయి. జంధ్యం వేసుకునేవాళ్లకి అది ఎడమ భుజం మీంచే వస్తుంది, చెమటకి తడిసి కుట్ల మీద రాసుకుంటుంది. కొన్నాళ్లు మెడలో దండలా వేసుకోవచ్చు. చీర పైట పిన్ను కూడా అక్కడికి అంగుళం దూరంలోనే గుచ్చుతారు. లోదుస్తుల పట్టీ, హ్యాండ్‌బ్యాగ్ పట్టీ కూడా అటే. ఇవన్నీ కుడివైపుకి మార్చండి, లేదా కొన్ని వారాలు మానండి.

పసుపు, కొబ్బరినూనె, పౌడరు, తెలిసినవాళ్లు చెప్పిన ఆయింట్‌మెంట్ ఏవీ రాయొద్దు. ఇంకొక పాత నమ్మకం ఉంది, పప్పు తింటే చీము పడుతుందని. దాని పేరు చెప్పి పప్పు, గుడ్డు, చేప అన్నీ ఆపేసి నెల రోజులు చారన్నం పెడతారు. గాయం మానడానికి కావాల్సిన మాంసకృత్తులు సరిగ్గా వాటిలోనే ఉన్నాయి. పేస్‌మేకర్‌కి ప్రత్యేక పథ్యం అంటూ లేదు. షుగర్ ఉంటే షుగర్ పథ్యం, బీపీ ఉంటే ఉప్పు తగ్గించడం, అంతే. షుగర్ అదుపు తప్పితే మాత్రం పుండు మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

కుట్ల చుట్టూ నీలంగా కమిలి, తర్వాత పసుపు రంగుకి తిరిగి, ఛాతీ మీదకో చంక వైపుకో జారడం మామూలే. రెండు మూడు వారాల్లో పోతుంది. పెట్టె మీద చర్మం బిగుసుకుని నిగనిగలాడుతూ వాపు రోజురోజుకీ పెరుగుతుంటే అది లోపల రక్తం గూడుకట్టడం. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లలో ఎక్కువ. ఆ మందులు మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్‌కి చూపించండి. అన్నిటికంటే ముఖ్యం: ఆ వాపులో సూది గుచ్చి "నీరు తీసేస్తాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి. బయటి సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. చిన్న గూడు అయితే దానంతటదే కరుగుతుంది. తీయాల్సి వస్తే ఆపరేషన్ థియేటర్‌లో, పేస్‌మేకర్ పెట్టే డాక్టర్లే తీస్తారు.

పెట్టెను వేళ్లతో తిప్పే అలవాటు కొందరికి వస్తుంది, ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి. పెట్టె తిరిగేకొద్దీ లీడ్ దారంలా చుట్టుకుని గుండెలోంచి ఊడి వస్తుంది. ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి.

జ్వరం

ఇది ఎంత చెప్పినా తక్కువే. పెట్టె దగ్గర చీము పడితే, లీడ్ మీద సూక్ష్మక్రిములు చేరితే, యాంటీబయాటిక్ మాత్రలతో పైపైన తగ్గినట్టు కనిపించి మళ్లీ వస్తుంది. లోహం మీద, తీగ మీద పొరకట్టుకున్న క్రిముల్ని మందు పూర్తిగా చంపలేదు. సాధారణంగా పెట్టె, లీడ్లు మొత్తం తీసేసి, జబ్బు తగ్గాక మళ్లీ కొత్తవి పెట్టాల్సి వస్తుంది. కుట్లు విచ్చుకున్నా, రసి కారినా, చర్మం పలచబడి పెట్టె అంచు కనిపించినా అది ఇన్ఫెక్షన్ కిందే లెక్క, జ్వరం లేకపోయినా సరే.

ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్లకో కూడా రావచ్చు. చలితో జ్వరం, బరువు తగ్గడం, నీరసం. మన ప్రాంతంలో మలేరియా, డెంగీ, టైఫాయిడ్ ఉన్నవే కాబట్టి ఊళ్లో ఆర్‌ఎంపీ ముందు ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసేస్తాడు. జ్వరం నాలుగు రోజులు తగ్గి తిరగబెడుతుంది. ఈలోగా రక్తంలో క్రిమి ఏదో తేల్చే పరీక్ష, అంటే బ్లడ్ కల్చర్, చేసినా ఆ మందు ప్రభావంతో ఏమీ పెరగదు. అసలు జబ్బు నెలల తరబడి దొరకదు. కాబట్టి పేస్‌మేకర్ ఉన్న మనిషికి కారణం తెలియని జ్వరం మూడు రోజులు దాటితే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయించమని మీరే అడగండి. ఒకటి కాదు, వేర్వేరు చోట్ల నుంచి రెండు మూడు నమూనాలు. మలేరియా, డెంగీ పరీక్షలు దాంతో పాటే చేయించుకోవచ్చు.

పన్ను పీకించుకునే ముందు పేస్‌మేకర్ కోసమని యాంటీబయాటిక్ వేసుకోవాలా అని అడుగుతుంటారు. పేస్‌మేకర్ ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. గుండె కవాటం మార్పిడి లాంటివి కూడా జరిగి ఉంటే అది వేరే లెక్క.

బీపీ మిషన్ 42 చూపిస్తే

గుండె కనీస వేగం నిమిషానికి 60 అని సెట్ చేశారు, ఇంట్లో బీపీ మిషన్ నాడి 42 అంటోంది, బ్యాటరీ అయిపోయిందా అని రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరుగెత్తే కుటుంబాలు తక్కువ కాదు. చాలాసార్లు జరిగేది ఇదీ: మామూలు దెబ్బ తర్వాత గుండె ముందుగానే ఒక అదనపు దెబ్బ కొడుతుంది. అప్పటికి గుండెలో రక్తం నిండదు కాబట్టి ఆ దెబ్బ మణికట్టు దాకా చేరదు. బీపీ మిషన్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ రెండూ నాడినే లెక్కపెడతాయి గనక అదనపు దెబ్బల్ని వదిలేస్తాయి. గుండె మీద స్టెత్ పెట్టి విన్నా, ఈసీజీ తీసినా అసలు లెక్క తెలుస్తుంది.

అందుకే మిషన్‌ని నమ్మేముందు అయిదు నిమిషాలు కూర్చుని, చూపుడువేలు, మధ్యవేలు మణికట్టు మీద బొటనవేలి వైపు పెట్టి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది. ఈ లెక్కలోనూ అదనపు దెబ్బలు తప్పిపోవచ్చు కాబట్టి, అంకె తక్కువగా ఉండి మనిషి బాగుంటే ఆరోజో మర్నాడో ఈసీజీ చాలు. అంకె తక్కువగా ఉండి తల తిరుగుతున్నా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి. కొందరికి రాత్రి నిద్రలో 50కి తగ్గేలా పెడతారు. సొంత లయకి అవకాశం ఇవ్వడానికి 60 కంటే కాస్త కిందకి దిగేదాకా ఆగేలా కూడా పెడతారు. డిశ్చార్జి రోజున "పగలు ఎంత, రాత్రి ఎంత" అని అడిగి, ఆసుపత్రి ఇచ్చే పరికరం గుర్తింపు కార్డు వెనక రాసుకుంటే సగం హైరానా తగ్గుతుంది.

మూడో నెల చెకప్ ఎందుకు మానకూడదు

లీడ్ కొస గుండె కండకి తగిలిన చోట మొదట్లో కాస్త వాపు ఉంటుంది. గుండెను కదిలించడానికి కావాల్సిన కనీస విద్యుత్తు ఆ వారాల్లో పెరిగి, తర్వాత తగ్గి స్థిరపడుతుంది. అందుకని పెట్టినప్పుడు కావాలనే ఎక్కువ వోల్టేజి పెడతారు, 3.5 వోల్టుల ప్రాంతంలో. మూడో నెలకి అసలు అవసరం ఒక వోల్టు కంటే తక్కువే అని తేలితే, భద్రత కోసం దానికి రెట్టింపు ఉంచి మిగతాది తగ్గిస్తారు. తమంతట తామే తగ్గించుకునే మోడళ్లు కూడా ఉన్నాయి, అయినా అది సరిగా జరిగిందో లేదో ఎవరో ఒకరు చూడాలి. ఈ చెకప్‌కి వెళ్లనివాళ్ల పరికరం ఏళ్ల తరబడి ఎక్కువ వోల్టేజిలోనే నడిచి, పదేళ్లు రావాల్సిన బ్యాటరీ ముందే ఖాళీ అవుతుంది. అరగంట పని తప్పించుకుని ఇంకో ఆపరేషన్‌ని దగ్గరకు తెచ్చుకోవడం ఇది.

ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి, బ్యాటరీ చివరికొస్తే ఇంకా తరచుగా. వెళ్లే ముందు ఒక ఫోన్ చేయాలి. మెడ్‌ట్రానిక్, అబాట్, బోస్టన్ సైంటిఫిక్, బయోట్రానిక్ ఏ కంపెనీకి ఆ కంపెనీ ప్రోగ్రామర్ (పరికరాన్ని బయటి నుంచి చదివి సెట్టింగులు మార్చే యంత్రం) ఉంటుంది, ఒకదానిది ఇంకోదాన్ని చదవలేదు. చాలా ఆసుపత్రుల్లో ఆ కంపెనీ టెక్నీషియన్ చెప్పిన రోజునే వస్తాడు. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో బస్సెక్కి విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కి గానీ, ప్రైవేటు ఆసుపత్రికి గానీ వచ్చి "ఈ కంపెనీ మనిషి ఇవాళ లేడు" అనిపించుకోవడం కంటే ముందే కనుక్కోవడం నయం.

చెకప్‌లో అడగాల్సినవి: బ్యాటరీ ఇంకా ఎన్నాళ్లు, లీడ్లు ఎలా ఉన్నాయి, కింది గదిని యంత్రం ఎంత శాతం కొట్టిస్తోంది, పై గదుల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఏమైనా నమోదైందా. చివరిది ముఖ్యం. మనిషికి తెలియకుండా వచ్చిపోయే ఆ లయ తప్పుడు పక్షవాతానికి దారితీయొచ్చు, పేస్‌మేకర్ దాన్ని రాసిపెట్టి ఉంచుతుంది. కింది కుడి గదిని ఎక్కువ శాతం యంత్రమే కొట్టిస్తుంటే కొందరిలో కాలక్రమంలో గుండె పంపింగ్ తగ్గుతుంది. ఏడాది రెండేళ్లకి కొత్తగా ఆయాసం, కాళ్ల వాపు వస్తే వయసు మీద తోసేయకుండా ఎకో (గుండె స్కాన్) తీయించండి.

ఇంట్లో పరికరాలు

యంత్రం వింటుందని చెప్పుకున్నాం. బలమైన విద్యుత్ అలజడి దగ్గర్లో ఉంటే దాన్ని గుండె చప్పుడనుకుని తట్టడం మానేయొచ్చు. సొంత లయ బొత్తిగా లేనివాళ్లకి అలా కొన్ని సెకన్లు ఆగినా కళ్లు తిరుగుతాయి. రెండోది అయస్కాంతం. అది పెట్టె మీదకొస్తే ఎక్కువ మోడళ్లలో యంత్రం వినడం మానేసి, అయస్కాంతం తీసేదాకా స్థిరమైన వేగంతో కొడుతుంది. రెండు సందర్భాల్లోనూ దూరం జరిగితే మామూలైపోతుంది. కాబట్టి తల తిరిగినట్టనిపిస్తే మొదట చేయాల్సింది రెండడుగులు వెనక్కి వేయడం.

టీవీ, ఫ్రిజ్, ఫ్యాన్, ఏసీ, మైక్రోవేవ్, వాషింగ్ మెషిన్, కంప్యూటర్ మామూలుగా వాడుకోవచ్చు. మిక్సీ, డ్రిల్, హెయిర్ డ్రయర్ ఛాతీకి జానెడు దూరంలో ఉంటే చాలు. సెల్‌ఫోన్ 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి: చొక్కా ఎడమ జేబులో పెట్టొద్దు, కుడిచెవికి పెట్టుకుని మాట్లాడండి. వెనక అయస్కాంతం ఉన్న కొత్త ఫోన్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడదీసి ఛాతీ మీద వదిలేయడం, అయస్కాంతంతో చొక్కాకి అతికే పేరు బ్యాడ్జి ఎడమవైపు పెట్టుకోవడం వద్దు. ఒంట్లో కొవ్వు శాతం చూపించే తూకం మిషన్ ఎక్కకండి, అది ఒంట్లోంచి కరెంటు పంపిస్తుంది.

నిజంగా ఆలోచించాల్సింది ఇండక్షన్ స్టవ్. దానికీ పెట్టెకీ కనీసం 60 సెంటీమీటర్లు ఉండాలి. నిటారుగా నిలబడి దూరం నుంచి గరిట తిప్పితే సరిపోతుంది గానీ, గిన్నెలో ఉడికిందో లేదో అని వంగి చూసినప్పుడు ఛాతీ దాని మీదకే వస్తుంది. గ్యాస్ ఉంటే గ్యాసే నయం. ఇన్వర్టర్, అపార్ట్‌మెంట్ జనరేటర్, నడుస్తున్న బైక్ ఇంజను వీటికి అడుగు దూరం ఉంటే చాలు.

బీచ్‌కి దగ్గర ఇళ్లలో ఇంకో సంగతి. ఉప్పుగాలికి గీజర్లు, మోటార్లు, వాషింగ్ మెషిన్ల లోపల తుప్పు పట్టి, ఎర్త్ సరిగా లేకపోతే కొద్దికొద్దిగా కరెంటు లీకవుతుంది. కుళాయి ముట్టుకుంటే చురుక్కుమంటుంది, "కొంచెమే కదా" అని అలవాటుపడతారు. ఒంట్లోంచి పోయే ఆ కొద్ది కరెంటే పేస్‌మేకర్‌ని తికమకపెట్టగలదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. అది ఇంట్లో అందరికీ పనికొచ్చేదే.

స్టీల్‌ప్లాంట్, షిప్‌యార్డ్, పోర్టు

విశాఖలో వెల్డింగ్ చేసి బతికే ఇళ్లు ఎన్నో. ఆర్క్ వెల్డింగ్ పూర్తిగా నిషేధం కాదు గానీ షరతులున్నాయి. కొన్ని పేస్‌మేకర్ కంపెనీల సూచనల్లో 160 ఆంపియర్లు గరిష్ఠ పరిమితి. భారీ పనుల్లో దాన్ని దాటడం మామూలే కాబట్టి అలాంటి పని వదులుకోవాలి. చిన్న పనులైతే ఆర్క్‌కీ ఛాతీకీ మధ్య 60 సెంటీమీటర్లు ఉండాలి. ఎర్త్ క్లాంప్ వెల్డింగ్ చేసే చోటుకి వీలైనంత దగ్గర పెట్టాలి. రెండు కేబుళ్లూ ఒకదానికొకటి ఆనించి, ఒంటికి దూరంగా ఉంచాలి, భుజాన చుట్టుకోకూడదు. గ్లవుజులు, బూట్లు పొడిగా ఉండాలి. ఒక అతుకుకీ ఇంకో అతుకుకీ మధ్య కొన్ని సెకన్లు ఆగాలి, ఒంటరిగా పనిచేయకూడదు. ఇనుప తుక్కుని ఎత్తే విద్యుదయస్కాంత క్రేన్లు, ఇండక్షన్ ఫర్నేసులు, పెద్ద మోటార్ల దగ్గర ఉద్యోగమైతే పరికరం మోడల్ నంబరుతో కంపెనీ నుంచి రాతపూర్వకంగా సలహా తెప్పించుకుని, ప్లాంటు డాక్టర్‌కి చూపించి డ్యూటీ మార్పించుకోవడం ఉత్తమం.

నడక, మెట్లు

గాయం మానాక నడకకి అడ్డేమీ లేదు, బీచ్ రోడ్డు లాంటి చదును దారి మొదట్లో మంచిది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గుండె తనంతట తాను వేగం పెంచుకోలేనివాళ్లకి పేస్‌మేకర్‌లోని సెన్సర్ పెంచుతుంది. చాలా పరికరాల్లో ఆ సెన్సర్ కనిపెట్టేది ఒంటి కుదుపుని. గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చుంటే కుదుపుకి గుండె వేగం పెరగొచ్చు, సైకిల్ తొక్కితే పైభాగం కదలదు కాబట్టి పెరగకపోవచ్చు. మెట్ల దగ్గర మరీ విచిత్రం: దిగేటప్పుడు కుదుపు ఎక్కువ కాబట్టి వేగం పెరుగుతుంది, అసలు కష్టమైన ఎక్కేటప్పుడు అంతగా పెరగదు. సింహాచలం మెట్లెక్కుతూ పదో మెట్టుకే ఆయాసపడి "మిషన్ పనిచేయడం లేదు" అనుకునేవాళ్లలో కొందరిది ఇదే సమస్య. ఏ పనిలో ఆయాసం వస్తోందో స్పష్టంగా చెబితే సెన్సర్ తీవ్రతని ప్రోగ్రామర్‌తో మారుస్తారు. అవసరమైతే కారిడార్‌లో నడిపించి చూసి సరిచేస్తారు. 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ లాంటివి ఈ సర్దుబాటు అయ్యాక, డాక్టర్‌ని అడిగి మాత్రమే.

భుజం మీంచి భారీ బరువులెత్తే వ్యాయామాలు ఎప్పటికీ తగ్గించుకోవాలి. కాలర్‌బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య తీగ నలిగి ఏళ్ల తర్వాత తెగొచ్చు. కబడ్డీ లాంటి దెబ్బలు తగిలే ఆటలు వద్దు. మిగతా యోగా, ఈత ఆరు వారాల తర్వాత.

వేరే డాక్టర్ల దగ్గర

విమానాశ్రయంలో కార్డు చూపించి, తలుపు చట్రం లాంటి డిటెక్టర్ గుండా ఆగకుండా నడవండి. చేతి డిటెక్టర్‌ని పెట్టె మీద ఉంచొద్దని చెప్పండి. ఇది తేలిక. ఆసుపత్రుల్లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. మోకాలి నొప్పికి ఫిజియోథెరపీలో ఇచ్చే షార్ట్‌వేవ్ డయాథెర్మీ పేస్‌మేకర్ ఉన్నవాళ్లకి ఎప్పటికీ పనికిరాదు, అది లీడ్ కొసని వేడెక్కిస్తుంది. ఏ ఆపరేషన్‌కైనా సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ ముందే చెప్పాలి, రక్తం ఆపడానికి వాడే కాటరీ పేస్‌మేకర్‌ని ఆపగలదు. ఎంఆర్‌ఐ తీయొచ్చు, కానీ పెట్టె, లీడ్లు రెండూ ఎంఆర్‌ఐకి అనువైన మోడళ్లయి ఉండాలి. సాధారణంగా పెట్టిన ఆరు వారాలు దాటాలి. తీసే ముందు ఎంఆర్‌ఐ మోడ్‌కి మార్చి, తర్వాత తిరిగి మామూలు చేయాలి. ఆ రెండో సగం మర్చిపోకుండా మీరే గుర్తుచేయండి.

కార్డు ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. ఇంకొక మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. మనిషి పోయాక దహనానికి ముందు పెట్టెను తీయించాలి, మంటలో బ్యాటరీ పేలుతుంది. కట్టెల చితి అయినా, ఎలక్ట్రిక్ దహనవాటిక అయినా అంతే. చిన్న గాటు పెట్టి నిమిషాల్లో తీస్తారు, ఆసుపత్రిలోనే అడిగితే తేలిక.

బ్యాటరీ మార్పు

బ్యాటరీ ఒక్కసారిగా ఆగిపోదు. మార్చాల్సిన సమయం వచ్చిందని పరికరం సంకేతం ఇచ్చాక సుమారు మూడు నెలల గడువు ఉంటుంది, ఆ సంకేతం చెకప్‌లోనే కనిపిస్తుంది. అప్పుడు పెట్టె మొత్తం మారుస్తారు, లీడ్లు బాగుంటే అవే ఉంచుతారు. 1958లో స్టాక్‌హోంలో ప్రపంచంలో మొదటిసారి ఒంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న ఆర్నె లార్సన్‌కి ఆ తర్వాత ఇరవైకి పైగా పెట్టెలు మార్చారు. ఆయన 86 ఏళ్లు బతికి 2001లో వేరే జబ్బుతో పోయారు. మార్పిడి ఆపరేషన్ మొదటిదాని కంటే చిన్నది, చెయ్యి ఎత్తే ఆంక్షలు కూడా తక్కువ. ఇన్ఫెక్షన్ ముప్పు మాత్రం మొదటిసారి కంటే ఎక్కువ, కాబట్టి పుండు జాగ్రత్తలన్నీ అలాగే పాటించాలి. కొత్త కార్డు ఇచ్చాక దాని మీద పాత లీడ్ల మోడల్ నంబర్లు కూడా రాయించుకోండి. ఎంఆర్‌ఐ సెంటర్‌లో మొదట అడిగేవి అవే, పాత కార్డు అప్పటికి ఇంట్లో దొరకదు.